ప్రసంగంలో న్యాయం, పద్దుల్లో న్యాయం

మన ఊళ్లలో చర్చి అనగానే లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., కథోలిక్ గుర్తొస్తాయి. యూనిటేరియన్లని ఒక శాఖ ఉందని తెలిసినవాళ్లు తక్కువ. దేవుడు ఒక్కడే, త్రిత్వం లేదు అనే వాదం నుంచి పుట్టిన శాఖ ఇది. మనకి దీనితో పాత చుట్టరికమే ఉంది. 1821లో కలకత్తాలో యూనిటేరియన్ కమిటీ పెట్టినవారిలో రామమోహన్ రాయ్ ఒకరు. ఆయన మొదలుపెట్టిన బ్రహ్మసమాజమే తర్వాత రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి ద్వారా కాకినాడలో వేళ్లూనుకుంది.

అందరూ ఒప్పుకు తీరాల్సిన విశ్వాస ప్రమాణం వీళ్లకి లేదు. అందుకని ఆదివారం ప్రసంగమే ఈ చర్చికి ప్రాణం. కల్లోల కాలాల్లో ఆ ప్రసంగాలు విశ్వాసం, న్యాయం, స్వస్థత అనే మాటల చుట్టూ తిరిగాయి. అమెరికాలో నల్లజాతి ప్రజల విషయంలో ఈ మాటలు ఎంతవరకు నిలబడ్డాయో మనం చూడాలి. మన మీద సానుభూతి చూపే అగ్రకుల సంస్థలతో మన అనుభవం కూడా ఇలాంటిదే కదా.

పారిపోయిన బానిసల్ని పట్టి యజమానులకి అప్పగించాలనే చట్టం 1850లో వచ్చింది. దానిమీద సంతకం చేసిన అధ్యక్షుడు ఫిల్‌మోర్ స్వయానా యూనిటేరియన్. బోస్టన్‌లో పేరున్న యూనిటేరియన్ బోధకుడు గానెట్ చట్టాన్ని పాటించాల్సిందే అన్నాడు. అదే ఊళ్లో, అదే శాఖలో, థియోడర్ పార్కర్ దాన్ని ధిక్కరించమని బోధించాడు. బోధించి ఊరుకోలేదు. జార్జియా నుంచి తప్పించుకొచ్చిన ఎలెన్ క్రాఫ్ట్‌ని ఇంట్లో దాచాడు. బల్లమీద తుపాకి పెట్టుకుని ప్రసంగం రాసుకున్నాడు. ఎలెన్‌కీ విలియంకీ పెళ్లి జరిపించి, విలియం చేతికి బైబిలుతోపాటు కత్తి కూడా ఇచ్చాడు. అలాంటి పార్కర్‌కి కూడా తెల్లజాతే మిన్న అన్న నమ్మకం ఉండేది. బానిసత్వాన్ని అసహ్యించుకోవటం వేరు, బానిసని తన పక్కన కూర్చోబెట్టుకోవటం వేరు.

ఆ పక్కన కూర్చోవటం ఎంత కష్టమో ఎథెల్‌రెడ్ బ్రౌన్‌కి తెలిసొచ్చింది. జమైకా నల్లజాతి మనిషి. యూనిటేరియన్ బోధకుడవుతానని అడిగితే, తెల్లవాళ్ల చర్చిలకి తెల్ల బోధకుడే కావాలి, నల్లవాళ్లకి మా చర్చి లేదు అని ముందే చెప్పారు. అయినా వెళ్లి చదివాడు. 1920లో హార్లెంలో చర్చి పెట్టి, పొట్టకూటికి లిఫ్టు నడుపుతూ ప్రసంగాలు చేశాడు. 1929లో సంఘం అతని పేరు బోధకుల జాబితాలోంచి కొట్టేసింది. పోరాడి 1935లో తిరిగి ఎక్కించుకున్నాడు.

1965 మార్చిలో సెల్మాలో తెల్ల యూనిటేరియన్ బోధకుడు జేమ్స్ రీబ్‌ని కొట్టి చంపారు. దేశమంతా కదిలింది. అధ్యక్షుడు జాన్సన్ అతని భార్యతో మాట్లాడాడు. అంతకు రెండు వారాల ముందే పోలీసు తూటాకి చనిపోయిన నల్ల యువకుడు జిమ్మీ లీ జాక్సన్ ఇంటికి అలాంటి ఫోను రాలేదు. రీబ్ సంస్మరణలో మార్టిన్ లూథర్ కింగ్, ఎవరు చంపారు అని కాదు, ఏది చంపింది అని అడగమన్నాడు. చర్చిల మౌనాన్ని కూడా ఆ హంతకుల్లో కలిపాడు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. 1967 అక్టోబరులో న్యూయార్క్‌లో యూనిటేరియన్ యూనివర్సలిస్టులు (1961లో రెండు సంఘాలు కలిసి ఒకటయ్యాయి) నగరాల్లో నల్లవాళ్ల తిరుగుబాట్ల గురించి సమావేశం పెట్టారు. వచ్చిన నల్ల సభ్యుల్లో చాలామంది లేచి వేరే గదిలో విడిగా కూర్చున్నారు. నల్లవాళ్ల పనికి డబ్బు కేటాయించండి, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో మేం నిర్ణయిస్తాం అన్నారు. 1968లో క్లీవ్‌లాండ్ మహాసభ ఒప్పుకుంది: ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు, నాలుగేళ్లు. వెంటనే గొడవ మొదలైంది. విడిగా కూర్చోవటం కూడా జాతివివక్షే కదా అన్నారు! 1969లో బోస్టన్ మహాసభలో నల్ల ప్రతినిధులు వాకౌట్ చేశారు, వాళ్లతో కొందరు తెల్ల బోధకులూ లేచిపోయారు. 1970లో డబ్బుకి ఇబ్బందిగా ఉందంటూ బోర్డు ఏడాది మొత్తాన్ని రెండు లక్షలకి దించింది. నల్లవాళ్ల కౌన్సిల్ సంఘంతో తెగతెంపులు చేసుకుంది. అప్పుడు చాలామంది నల్ల సభ్యులు చర్చినే వదిలేశారు.

సంఘానికి నిజంగానే డబ్బు కటకట ఉంది, అది అబద్ధం కాదు. కాని కటకట వచ్చినప్పుడు కోత ముందు ఎవరి పద్దుమీద పడుతుంది? ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. 1932లో పెట్టిన హరిజన సేవక్ సంఘ్ పెత్తనంలో మాకూ చోటు కావాలని అస్పృశ్యులు అడిగితే, ఇది సవర్ణులు తీర్చుకునే ప్రాయశ్చిత్తం, కనుక వాళ్లే నడపాలని గాంధీ చెప్పారు. అంబేద్కర్ దీన్ని తన పుస్తకంలో రికార్డు చేశారు. అప్పు ఉన్నవాడే వాయిదాలు కూడా నిర్ణయిస్తాడన్నమాట.

స్వస్థత అన్న మాటతో కూడా జాగ్రత్తగా ఉండాలి. మన దగ్గర వాడమీద దాడి జరిగాక, కేసు నడవకముందే ఊరి పెద్దలు రాజీ అంటారు. పుండు కడగకుండా కట్టు కట్టడమే ఆ రాజీ. 1970 తర్వాత ఆ చర్చిలో కూడా చాలా ఏళ్లు ఈ విషయం ఎత్తితే పాత గాయం రేపొద్దనే అన్నారు.

2015లో నల్ల యూనిటేరియన్లు మళ్లీ సొంత సంస్థ పెట్టుకున్నారు. 2016లో బోర్డు దానికి 53 లక్షల డాలర్లు ఇస్తామని తీర్మానించింది, 1968 నాటి మాట తప్పామని ఒప్పుకుంటూ. మరుసటి ఏడాదే, ఉద్యోగాలు తెల్లవాళ్లకే పోతున్నాయన్న గొడవలో సంఘం అధ్యక్షుడు రాజీనామా చేయాల్సి వచ్చింది.