సూట్‌కేసులో కరివేపాకు

కూతురి పురిటికి అమెరికా వెళ్లే అమ్మ పెట్టె సర్దుకోవడం నెల ముందే మొదలవుతుంది. కాయం, కారప్పొడి, ఒడియాలు, వరుగులు, నూనె కారకుండా మూడు కవర్లు చుట్టిన ఆవకాయ. బరువు ఇరవై మూడు కిలోలు దాటిందని నాన్న సణుగుతూనే ఉంటాడు. ఆఖరి నిమిషంలో పెరట్లో కోసిన కరివేపాకు రెబ్బలు నాలుగు చీర మడతల్లోకి చేరిపోతాయి. అక్కడి ఇండియన్ స్టోర్‌లోనూ దొరుకుతుందిగా అంటే, "దానికి వాసనేదీ?" అంటుంది.

మాంసం కలవని పచ్చళ్లకు మామూలుగా పేచీ ఉండదు. పేచీ అంతా ఆ నాలుగు రెబ్బలతోనే.

కరివేపాకుది నిమ్మ, నారింజల కుటుంబం. ఆసియా సిల్లిడ్ అనే పురుగుకు దాని లేత చిగుళ్లంటే ప్రాణం. మూడు నాలుగు మిల్లీమీటర్లు మించని ఈ పురుగు ఆ చిగుళ్ల మడతల్లోనే గుడ్లు పెడుతుంది. మామూలు చూపుకు అవి ఆనవు. రసం పీలుస్తూ, చెట్టు నుంచి చెట్టుకు గ్రీనింగ్ తెగులును మోసుకెళ్తుంది. తెగులు సోకిన చెట్టు కాయ వంకరపోతుంది, పండినా సగం పచ్చగానే ఉంటుంది, చేదెక్కి రాలిపోతుంది. నయం చేసే మందు లేదు. మన బత్తాయి రైతులకూ ఇది తెలిసిన తెగులే. ఫ్లోరిడాలో పురుగు 1998లో కనిపించింది, తెగులు 2005లో బయటపడింది. 2003-04లో 24.2 కోట్ల పెట్టెల నారింజ పండించిన ఆ రాష్ట్రం 2022-23కు వచ్చేసరికి 1.6 కోట్ల పెట్టెల దగ్గర చతికిలబడింది. తుపాన్ల పాపమూ కొంత ఉంది గానీ, తోటల నడుం విరిచింది గ్రీనింగే. కరివేపాకు మీద అమెరికా వాళ్లకు అంత పట్టుదల ఎందుకని విసుక్కునే ముందు ఈ లెక్క ఒకసారి చూడాలి.

బియ్యానిదీ అలాంటి కథే. ఖప్రా అనే పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని అమెరికా 2011లో ఆపేసింది. ఆ పురుగు పిల్ల తిండి లేకుండా ఏళ్ల తరబడి బతకగలదు. మటన్ పచ్చడికి గాలికుంటు, చికెన్ పచ్చడికి కోళ్ల తెగుళ్లు అడ్డు.

ఇంతకీ మనవాళ్లు దెబ్బతినేది తెచ్చినందుకు కాదు, చెప్పనందుకు. తిండి వస్తువులున్నాయా అని అడగ్గానే, ఉన్నాయంటే అన్నీ లాగేసుకుంటారన్న భయంతో "నో" అనేస్తారు. నిజానికి "ఎస్" అంటే పెట్టె ఎక్స్‌రేకు వెళ్తుంది, కూడనివి తీసేసి మిగతావి ఇచ్చి పంపేస్తారు. జరిమానా ఉండదు. దాచి దొరికితే మొదటిసారికే వెయ్యి డాలర్ల దాకా పడొచ్చు. దొరకమన్న ధీమా పనికిరాదు. 1984లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన బీగిల్ కుక్కల దళం ఇప్పుడు చాలా విమానాశ్రయాల్లో ఉంది. ఆ కుక్క మొరగదు, మీద పడదు. వచ్చి మీ పెట్టె పక్కన కూర్చుంటుంది, అంతే.

ఆస్ట్రేలియా ఇంకా కఠినం. మలయాళ నటి నవ్యా నాయర్ 2025లో మెల్‌బోర్న్‌లో దిగినప్పుడు బ్యాగులో ఉన్న జానెడు మల్లెదండకు 1,980 ఆస్ట్రేలియన్ డాలర్లు, అంటే లక్షా పద్నాలుగు వేల రూపాయల దాకా జరిమానా పడింది. ఈ సంగతి ఆమే వేదిక మీద చెప్పుకున్నారు.

అక్కడ చాలావరకు డబ్బుతో పోయేదే. గల్ఫ్‌లో అలా కాదు. మన మసాలాలో గుప్పెడు వేసే గసగసాలు యూఏఈలో నిషేధం. నల్లమందు మొక్క గింజలు కాబట్టి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలకు ముందస్తు అనుమతి ఉండాలి. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి బయల్దేరే కుర్రాళ్లకు అసలు గండం సొంత సంచి కాదు. "అన్నా, గీ పొట్లం మా తమ్మునికి ఇయ్యవా" అని ఊళ్లోవాళ్లు చేతిలో పెట్టేది. కాదంటే పొగరంటారు. అన్నా సరే, విప్పి చూపిస్తేనే తీసుకోవాలి.

తిరుగు ప్రయాణంలోనూ చిక్కులున్నాయి. అబ్బాయి ముచ్చటపడి కొనిచ్చిన డ్రోన్ శంషాబాద్‌లో ఆగిపోతుంది, విదేశీ డ్రోన్ల దిగుమతిని మన ప్రభుత్వం 2022లో నిషేధించింది. ఈ-సిగరెట్లకు 2019 నుంచే తలుపులు మూసేశారు. అక్కడి పూల విత్తనాలు పెరట్లో చల్లుదామనుకున్నా ముందు దిగుమతి పర్మిట్టు, ఆ దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తెచ్చుకోవాలి.