పేదరాలి ఊరికి వచ్చిన న్యాయస్థానం

భర్త విడిచి వెళ్ళి ఏళ్ళు గడిచాయి. అతడు వేరే సంసారం పెట్టుకున్నాడని ఊరందరికీ తెలుసు. కాని ఆమె చేతిలో విడాకుల పత్రం లేదు. కాగితాల ప్రకారం ఆమె నేటికీ అతని భార్యే. ఇండొనేసియా పల్లెలలో ఇటువంటి స్త్రీలు ఎందరో ఉన్నారు.

ఆ దేశంలో ముస్లింల వివాహం, విడాకులు, వారసత్వానికి సంబంధించిన వివాదాలను మత న్యాయస్థానాలు విచారిస్తాయి. జావా, మదురా దీవులలో వలస ప్రభుత్వం 1882లో వీటికి చట్టరూపం ఇచ్చింది. 2004లో ఇవి మత వ్యవహారాల శాఖ నుండి సుప్రీంకోర్టు పాలన క్రిందికి వచ్చాయి. 1974 నాటి వివాహ చట్టం ప్రకారం విడాకులు న్యాయస్థానంలోనే జరగాలి. తలాఖ్ చెప్పదలచిన భర్త కూడా న్యాయమూర్తుల ఎదుటనే చెప్పాలి. స్త్రీకి ఇది గొప్ప రక్షణ. అయితే న్యాయస్థానం దాకా వెళ్ళగలిగిన స్త్రీకే ఆ రక్షణ దక్కుతుంది.

ఈ దశలో పొరుగు దేశమైన ఆస్ట్రేలియాకు చెందిన కుటుంబ న్యాయస్థానం ఇండొనేసియా సుప్రీంకోర్టుతో చేతులు కలిపింది. షరీఅత్ తీర్పులు ఎలా ఉండాలో చెప్పడం ఆ న్యాయమూర్తుల పని కాదు. న్యాయస్థానానికి ఎవరు వస్తున్నారు, ఎవరు రాలేకపోతున్నారు, ఎందుకు రాలేకపోతున్నారు అన్న ప్రశ్నలపైనే ఉభయులూ దృష్టి పెట్టారు. 2007లో జరిగిన అధ్యయనంలో రెండు సంగతులు తేలాయి. న్యాయస్థానానికి వచ్చినవారిలో అధికులు దాని పనితీరు పట్ల సంతృప్తిగానే ఉన్నారు. కాని నిరుపేదలు అసలు గడపే తొక్కడం లేదు.

కారణం ఖర్చు. కక్షిదారు కట్టవలసిన సొమ్ములో పెద్ద భాగం అప్పట్లో సమన్లు చేరవేసేందుకే పోయేది. ఊరు ఎంత దూరమైతే ఆ మొత్తం అంత పెరిగేది. దానికి ప్రయాణ ఖర్చులు, పోగొట్టుకున్న కూలీ తోడయ్యేవి. అంటే అందరికంటే పేదవారి మీదనే అందరికంటే ఎక్కువ భారం పడేది!

లోపం ఎక్కడుందో తెలిశాక సుప్రీంకోర్టు జాప్యం చేయలేదు. పేదల రుసుము మాఫీకి, సంచార న్యాయస్థానాలకు నిధులు పెంచింది. న్యాయమూర్తులే దూరప్రాంతాలకూ దీవులకూ వెళ్ళి విచారణ జరపసాగారు. పేదలకు న్యాయ సహాయం అందించే విధానాన్ని 2010లో ఒక ఉత్తర్వు నిర్దేశించింది. 2015 నాటి నిబంధన మరో అడుగు ముందుకు వేసింది. నమోదు కాని నికాహ్‌ను న్యాయస్థానం ధ్రువీకరిస్తుంది. అక్కడే మత వ్యవహారాల కార్యాలయం వివాహ పత్రాన్ని, పౌర నమోదు శాఖ పిల్లల జనన పత్రాన్ని అందిస్తాయి. తండ్రి పేరు లేని జనన పత్రంతో పెరిగే బిడ్డ అవమానం ఎరిగినవారికి ఆ కాగితం విలువ వేరే చెప్పనక్కరలేదు.

సమస్యలన్నీ తీరిపోలేదు. మాజీ భర్త నుండి పిల్లల పోషణ ఖర్చు వసూలు చేయడం అక్కడ నేటికీ కష్టమే. ఆస్ట్రేలియాలో 1988 నుండి ప్రభుత్వమే ఆ వసూలుకు ఒక ఏర్పాటు నడుపుతోంది. ఇండొనేసియా మరో మార్గంలో ఒక అడుగు వేసింది. ఇద్దత్ కాలపు భరణాన్ని, ముత్అను భర్త తలాఖ్ పలికే ముందే చెల్లించాలని తీర్పులో వ్రాయవచ్చని 2017లో సుప్రీంకోర్టు మార్గదర్శకం ఇచ్చింది. దీనివల్ల ఉత్త చేతులతో ఇంటికి చేరే స్త్రీల సంఖ్య తగ్గుతుంది.

సంస్కరణ అనగానే ధర్మశాస్త్రాన్నే మార్చబోతున్నారని మనలో కొందరు కంగారు పడతారు. ఇక్కడ ధర్మశాస్త్రం మారలేదు, దానికీ పేదరాలికీ మధ్య ఉన్న దూరం మాత్రమే తగ్గింది. ఆ దూరాన్ని కొలిచే పద్ధతిని పొరుగువారి నుండి నేర్చుకోవడంలో చిన్నతనం ఏముంది?

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పింది. మరి జీవితకాలపు ఒప్పందమైన నికాహ్ విషయంలో ఉపేక్ష తగునా? మీ ఇంటి ఆడపిల్ల నికాహ్‌నామా ఎక్కడుందో, అందులో మహర్ సరిగా వ్రాశారో లేదో ఈ రోజే ఒకసారి చూడండి.