పాత సౌండ్ కార్డు, కొత్త మదర్‌బోర్డు: అపోహలు – వాస్తవాలు

కంప్యూటర్ పాతబడి కొత్త మదర్‌బోర్డు కొనాల్సి వచ్చినప్పుడు లోపలి సౌండ్ కార్డు దగ్గర చేయి ఆగుతుంది. పాడు కాలేదు, పారేయడానికి మనసొప్పదు. భజన పాటల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవాళ్లకైతే మరీను. ఒకరు ‘పెట్టుకోవచ్చు’ అంటారు, ఇంకొకరు ‘అదిక చెత్తే’ అంటారు. బొంరాస్‌పేటలో బస్సెక్కి, పరిగి మీదుగా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోయే ముందు ఇవి చూసుకోండి.

అపోహ: కొత్త బోర్డులో ఖాళీ స్లాట్ ఉంటే ఏ కార్డయినా పడుతుంది.

వాస్తవం: పడదు. సౌండ్ కార్డుల్లో మూడు తరాలున్నాయి. 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16 ఐఎస్ఏ స్లాట్‌కు చేసింది. ఇళ్లలో వాడే కొత్త బోర్డుల్లో ఆ స్లాటే లేదు, దాని మీద ఆశ వదులుకోవచ్చు. 1998 నాటి సౌండ్ బ్లాస్టర్ లైవ్, 2001 నాటి ఆడిజీ, 2005లో వచ్చిన తొలి ఎక్స్-ఫై కార్డులు పీసీఐవి. 2008 నాటి ఎక్స్-ఫై టైటానియం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ది. పేర్లలో పెద్ద తేడా లేదు గానీ ఈ రెండూ ఒకదాని స్లాట్‌లో ఒకటి దిగవు. కార్డు కింద బంగారు రంగు అంచు చూడండి: సుమారు 8 సెంటీమీటర్లుంటే పీసీఐ, రెండున్నర లోపుంటే ఎక్స్‌ప్రెస్.

ఇంటెల్ 2011లో తెచ్చిన 6 సిరీస్ నుంచి ఇళ్లకు అమ్మే చిప్‌సెట్లలో చాలావాటికి పీసీఐ తీసేసింది. ఆ తర్వాతి బోర్డుల మీద ఎక్కడైనా పీసీఐ స్లాట్ కనిపిస్తే, దాని వెనక చాలావరకు మధ్యవర్తిగా ఒక బ్రిడ్జ్ చిప్ ఉంటుంది.

అపోహ: చిన్న కార్డును పెద్ద గ్రాఫిక్స్ స్లాట్‌లో పెడితే కాలిపోతుంది.

వాస్తవం: కాలదు. ఎక్స్‌ప్రెస్ కార్డయితే పొడుగు స్లాట్‌లోనూ నిక్షేపంగా పనిచేస్తుంది. పాత తరం ఎక్స్‌ప్రెస్ కార్డు కొత్త తరం ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో తన వేగంతోనే నడుస్తుంది. కొన్ని బోర్డుల్లో మాత్రం ఎం.2 ఎస్‌ఎస్‌డీ పెడితే ఒక స్లాట్ మూగబోతుంది. ఆ సంగతి బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది, మనం చదవని పేజీలో.

అపోహ: అడాప్టర్ కొంటే పీసీఐ కార్డు బాధ తీరినట్టే.

వాస్తవం: సగమే తీరుతుంది. పీసీఐ కార్డును ఎక్స్‌ప్రెస్ స్లాట్‌కు కలిపే అడాప్టర్లు దొరుకుతాయి, చాలా కార్డులు వాటి మీద నడుస్తాయి. కానీ అడాప్టర్ ఎత్తు వల్ల కార్డు పైకి లేచి, క్యాబినెట్ వెనక స్క్రూ రంధ్రానికి అందదు. బిగించకుండా వదిలేస్తే జాక్ లాగినప్పుడల్లా కదులుతుంది. పైగా అడాప్టర్ దారి చూపేది స్లాట్‌కే, డ్రైవర్‌కు కాదు.

అపోహ: డ్రైవర్ సీడీ భద్రంగా ఉంది కదా, ఇంకేం కావాలి?

వాస్తవం: ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. విండోస్ ఎక్స్‌పీ కాలం సీడీల్లో ఉన్నవి దాదాపుగా 32 బిట్ డ్రైవర్లు. విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో. దానికి 32 బిట్ డ్రైవర్ ఎక్కదు, డిజిటల్ సంతకం లేని 64 బిట్ డ్రైవర్నీ మామూలుగా రానివ్వదు. 2007లో అమ్మకానికొచ్చిన విస్టా నుంచి ఆటల శబ్దాన్ని చేరవేసే డైరెక్ట్‌సౌండ్‌ను విండోస్ నేరుగా కార్డు దాకా పోనివ్వడం మానేసింది. అందుకే కార్డు పలికినా చాలా పాత ఆటల్లో ఈఏఎక్స్ అనే ప్రతిధ్వని ఎఫెక్టులు వినపడవు. వాటి కోసం క్రియేటివ్ సంస్థ ఆల్కెమీ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది.

కార్డు చచ్చిందా, డ్రైవరే లేదా అని తేల్చుకోవాలంటే పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లైనక్స్ వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ చేయండి. లైవ్, ఆడిజీ కార్డులకు లైనక్స్‌లో డ్రైవర్ ఏళ్లుగా ఉంది. ఎక్స్-ఫైకి 2009లో, 2.6.31 కెర్నెల్‌తో వచ్చింది. అక్కడ పాట వినిపిస్తే కార్డు బతికే ఉంది, తగువు విండోస్‌తోనే. అక్కడా కనిపించకపోతే కార్డు తీసి, బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి మళ్లీ పెట్టి చూడండి. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల పక్కన, ఆ దుమ్ములో ఉండేవాళ్లకు ఈ సలహా రెండుసార్లు చెప్పాలి.

అపోహ: బోర్డులోని ఆడియోను బయాస్‌లో ఆపకపోతే రెండూ కొట్లాడుకుంటాయి.

వాస్తవం: ఆ కొట్లాట ఐఎస్ఏ కాలంది. ఇప్పుడు రెండూ ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ఏది కావాలో ఎంచుకుంటే చాలు.

అపోహ: పాత కార్డు ముందు కొత్త బోర్డు ఆడియో దిగదుడుపే.

వాస్తవం: ఒకప్పుడు నిజం. ఆడిజీ 2 జెడ్ఎస్‌కు కంపెనీ చెప్పుకున్న సిగ్నల్–నాయిస్ అంకె 108 డెసిబెల్స్. ఇప్పటి మంచి బోర్డుల మీదుండే రియల్‌టెక్ ఏఎల్‌సీ1220 చిప్‌కు కాగితం మీద 120. బోర్డును బట్టి వినిపించేది తగ్గుతుంది, అయినా కార్డు పాతదన్న ఒక్క కారణంతో గొప్పది కాదు. ఇక స్పీకర్లలో ఆగకుండా వచ్చే గుయ్‌మనే హోరుకు చాలాసార్లు కారణం కార్డే కాదు, ఎర్తింగ్. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నుకు వైరే కలపని ఇళ్లు మనవైపు తక్కువేం కాదు. కార్డు మార్చే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

నన్నడిగితే, ఎక్స్‌ప్రెస్ కార్డుంటే కొత్త బోర్డులో పెట్టుకోండి. పీసీఐ కార్డుంటే దాని కోసం అడాప్టర్ల వెంట తిరగకుండా, అది నడిచే పాత కంప్యూటర్‌నే క్యాసెట్ల పనికి పక్కన ఉంచండి. అదీ లేకపోతే లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. వీటిలో చాలావాటికి వేరే డ్రైవరే అక్కర్లేదు.