మోటారు సైకిలు పెట్టెకు కళాయి

కొత్త వస్తువు మీద మొదటి గీత పడితే ఇంటిల్లిపాదీ చూస్తారు. రెండోదాన్ని కొన్నవాడొక్కడే చూస్తాడు. మూడోది మొదలు ఎవరూ లెక్కపెట్టరు. బీరువా అయినా, భోజనాల బల్ల అయినా ఇదే వరస.

ఈ రోజుల్లో మన కుర్రవాళ్లకు ఈ దిగులు మోటారు సైకిలు పెట్టెల రూపంలో వచ్చింది. మీరూ చూసేవుంటారు. వెనుకచక్రానికి అటొకటీ ఇటొకటీ, పూర్వం ఎద్దుమీద కంట్లం వేసినట్లు, అల్యూమినియం పెట్టెలో ప్లాస్టిక్ పెట్టెలో బిగించుకొని అరకూ, లంబసింగీ, మారేడుమిల్లీ తిరిగి వస్తున్నారు. బండి కంటే వెడల్పుగా ముందుకు పొడుచుకు వచ్చేవి ఈ పెట్టెలే గనుక, సందు మలుపులో గోడ తగిలినా, బండి పక్కకు ఒరిగినా మొదటి దెబ్బ వాటికే. అల్యూమినియం మెత్తని లోహం. కంకరరాయి ఒరుసుకుంటే చాలు, తెల్లగా చారపడుతుంది.

మా మేనల్లుడు ఇటువంటి పెట్టెలే రెండు కొన్నాడు. కొన్న మూడోవారానికి మా ఇంటికి వచ్చి, "మామయ్యా! వీటికి ట్రక్కుల తొట్టికి కొట్టే పూత కొడతాను. ఇక గీతన్నది పడదు. మీ వెనక వసారాలో ఒక్క ఆదివారం చాలు" అన్నాడు. తెలుగు చెప్పుకొనేవాణ్ణి, నాకు ట్రక్కుల తొట్ల సంగతి ఏం తెలుస్తుంది? కాని వాడు తెచ్చిన డబ్బాల మీది సన్నక్షరాలు చదవడం మాత్రం నాకు బాగా చేతనవును. చదివినకొద్దీ ఈ విషయం నాకు ఆసక్తికరంగా తోచింది.

అమెరికాలో రైతులూ మేస్త్రీలూ వాడే పికప్ ట్రక్కులకు వెనుక తొట్టి వుంటుంది. ఇటుకలూ, ఇనుపకమ్ములూ వేసి లాగుతూ వుంటే ఆ తొట్టి రంగు ఎంతోకాలం నిలవదు. రంగు పోయినచోట తుప్పు. మొదట్లో దానికి అచ్చుపోసిన ప్లాస్టిక్ తొడుగు వేసేవారు. ఆ తొడుగుకూ రేకుకూ మధ్య ఇసుకా నీరూ చేరి లోలోపలే రేకును తినేసేవి. పైన పటారం, లోన లొటారం! అందుకని సందన్నదే లేకుండా రేకును అంటిపెట్టుకొనే పూతలు గత శతాబ్దం చివరి దశకాల్లో వాడుకలోకి వచ్చాయి. వీటిలో చాలామటుకు పాలీయూరిథేన్, పాలీయూరియా జాతివి. పాలీయూరిథేన్‌ను 1937లో జర్మనీలోని లెవర్కూసెన్‌లో ఆటో బాయర్ అనే రసాయన శాస్త్రవేత్తా, ఆయన సహచరులూ కనిపెట్టారు. మన ఇళ్లలోని పరుపుల నురుగూ, చెప్పుల అట్టలూ కొన్ని దీని సంతతే.

మామూలు రంగు ఆరుతుంది. ఇది గట్టిపడుతుంది. రెంటికీ భేదం వుంది. ఒక డబ్బాలో జిగురులాంటి ద్రవం, ఇంకొక డబ్బాలో హార్డెనరు. రెండూ కలిశాయంటే ఒకదాని అణువులు ఇంకొకదాని అణువులను గొలుసుల్లా పెనవేసుకుంటాయి. ఇక వెనక్కు తీయడానికి వీలులేదు. ఆ పూత గాజులా పెళుసుగా వుండక తోలులా సాగుతుంది. దెబ్బకు కాస్త లొంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. పైగా నారింజ తొక్కలా గరుకుగా వుంటుంది గనుక, చిన్నగీత పడినా కంటికి ఆనదు. కారు ఒంటిమీది రంగు పొరలన్నీ కలిపినా మిల్లీమీటరులో పదోవంతు, ఆ పైన కొంచెం. ట్రక్కు తొట్టికి పెద్ద యంత్రాలతో కొట్టే పూత మూడు మిల్లీమీటర్ల దాకా వుండవచ్చు. చిన్న తుపాకీతో మనం కొట్టేది అంత మందం రాదు. అయినా మామూలు రంగుకు అనేకరెట్లు.

అయితే ఎంత గట్టి పూత అయినా కింద పట్టు లేకపోతే పొలుసులా లేచిపోతుంది. ఈ సంగతి మన అమ్మమ్మలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇత్తడిగిన్నెకు కళాయి వేసేవాడు ముందు ఏం చేసేవాడు? గిన్నెను ఇసుకవేసి తళతళలాడేదాకా తోమేవాడు. తరువాత నిప్పులమీద కాచి, నవసాగరం చల్లి, తగరం రాసి, గుడ్డతో తుడిచేవాడు. ఆ నవసాగరం గుప్పున పొగ చిమ్ముతూ గిన్నెమీది చిలుమును పోగొట్టేది. అప్పుడే తగరం అంటుకొనేది. తోమడం సగంలో ఆపిన గిన్నెకు కళాయి నిలిచేది కాదు.

అల్యూమినియానిదీ అదే తంతు. గాలి తగిలీ తగలగానే దానిమీద కంటికి కనిపించని ఆక్సైడు పొర కడుతుంది. చేతి జిడ్డు, చైను నూనె, మైనపు పాలిషు వుంటే ఇక చెప్పనక్కరలేదు. ముందు జిడ్డు తీసే ద్రవంతో తుడవాలి. ఆ తరువాతే 180 నంబరు ఉప్పుకాగితంతో, మెరుపు పూర్తిగా చచ్చేదాకా, మూలమూలలా రుద్దాలి. ఈ వరస తిరగబడితే జిడ్డును గీతల్లోకి కూరినట్లవుతుంది. దుమ్ము తుడిచి, ఆలస్యం చేయకుండా, అల్యూమినియానికి తగిన ప్రైమరు వేయాలి.

ప్లాస్టిక్ పెట్టె అయితే లోపలివైపు అచ్చులో పోసిన అక్షరాలు చూడండి. ఏబీఎస్ అని వుంటే పూత చక్కగా పట్టుతుంది. పీపీ అని వుంటే అది పాలీప్రొపిలీన్. దాని ఒళ్లు మైనంలాంటిది, అంత సులభంగా ఏదీ అంటదు. దానికి పట్టునిచ్చే మందు వేరే వుంది. అది ముందు వేయకపోతే శ్రమంతా వృథా.

తాళం, మడతబందులు, మూతకింది రబ్బరు, ఎర్రని రిఫ్లెక్టర్లు, పెట్టెను బండికి తగిలించే కొక్కేలు, వీటన్నిటికీ మాస్కింగ్ టేపు అంటించాలి. మూత కూర్చునే అంచుమీద పూత పేరుకుంటే మూత సరిగా పడదు. మూత పడకపోతే వాన లోపలికి వస్తుంది. గీతకు జడిసి బట్టలు తడుపుకున్నట్లవుతుంది!

వాతావరణాన్నీ చూసుకోవాలి. హార్డెనరు గాలిలోని తేమతో కూడా కలుస్తుంది. అలా కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి పూతలో బుడగలు లేస్తాయి. గోదావరి ఒడ్డున శ్రావణమాసపు ముసురులో ఈ పని పెట్టుకోకూడదు. ఎండ కాచే పొడిరోజు చూసుకొని, ఒకే మందపు పూతకు బదులు రెండు మూడు పలుచని పూతలు, మధ్య డబ్బామీద చెప్పినంతసేపు ఆగి కొట్టాలి. తాకితే ఆరినట్లే వుంటుంది. పూర్తిబలం రావడానికి కొన్నిరోజులు పడుతుంది.

ఇక సన్నక్షరాల్లో అన్నిటికంటె ముఖ్యమైనది చెబుతాను. ఆ హార్డెనరులో వుండేవి ఐసోసయనేట్లు. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్యరాత్రి భోపాల్‌లో వేలమందిని బలిగొన్న వాయువు మిథైల్ ఐసోసయనేట్. ఈ డబ్బాలోది అది కాదు. అదే కుటుంబానికి చెందినది, అంత సులువుగా ఆవిరి కాదు. కాని తుపాకీతో తుంపర చేసి కొట్టినప్పుడు ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేనివాళ్లకు ఉబ్బసం తెప్పిస్తుంది. ఒకసారి ఒంటికి పడకపోవడమంటూ మొదలైతే, తరువాత రవ్వంత తగిలినా ఊపిరి ఆడదు. గుడ్డ మాస్కు దీన్ని ఆపలేదు. కరోనానాడు మనం కట్టుకొన్న ఎన్ 95 మాస్కు ఆవిరిని ఆపలేదు. రంగుల షెడ్లలో ఈ పని నిత్యం చేసేవాళ్లకు బయటినుంచి మంచిగాలి అందించే ముసుగు కావాలి. చర్మానికి తగలకుండా చేతితొడుగులు, కళ్లద్దాలు సరేసరి. ఒకే డబ్బాగా వచ్చే స్ప్రేలలో చాలావాటికి ఈ హార్డెనరు వుండదు. అవి అంత గట్టివీ కావు. వాటి ఆవిరీ ఇంట్లో పీల్చతగ్గది కాదు.

మా వెనక వసారాలో నాన్నగారి మంచం వుంటుంది. ఆయనకు ఉబ్బసం. నేను ఆ అక్షరాలు బిగ్గరగా చదివి వినిపించాను. మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "తాతయ్య దగ్గర ఇది వద్దు మామయ్యా" అని తానే అన్నాడు. తోమడం, రుద్దడం, టేపు అంటించడం పెరట్లో కూర్చుని స్వయంగా చేసుకున్నాడు. ఒక పెట్టె మూలలు నేనూ రుద్దాను. కొట్టించడానికి మాత్రం గాలిముసుగు, గాలిని లాగే పంకాలు వున్న కార్ల రంగుల షెడ్డుకు తీసుకువెళ్లాడు. డబ్బు కొంత ఎక్కువైంది. అక్కయ్య ఆ ఖర్చుకు సణగలేదు.

ఈ పూతకు లోపాలు లేకపోలేదు. గరుకులో బురద ఇరుక్కుంటే బ్రష్షుతో తోమాలి. స్టిక్కర్లు నిలవవు. వద్దనుకుంటే తీయడం బ్రహ్మప్రళయం. చవకరకాలు ఎండకు నలుపు తగ్గి బూడిదరంగుకు తిరుగుతాయి. గీతను ఆపుతుంది గాని, గట్టిగా పడితే సొట్టను ఆపలేదు.

మొన్న వాడు మారేడుమిల్లి ఘాటీ దిగివచ్చాడు. దారిలో ఒక కల్వర్టు గోడకు కుడిపెట్టె రాసుకుందట. చూస్తే సుద్దముక్కతో గీసినట్లు చార. తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోయింది. నేను రుద్దిన మూల అదే. పూత ఊడలేదు.