10 లక్షల గంటల డిస్కుకు మూడేళ్లే వారంటీ ఎందుకు?

కొన్ని హార్డ్ డిస్కుల వివరాల పత్రంలో ‘ఎంటీబీఎఫ్ (రెండు వైఫల్యాల మధ్య సగటు సమయం) 10 లక్షల గంటలు’ అని ఉంటుంది. లెక్కేస్తే 114 ఏళ్లు. వారంటీ మాత్రం రెండేళ్లో మూడేళ్లో, మహా అయితే అయిదేళ్లు. సరుకు మీద కంపెనీకే నమ్మకం లేదా?

నమ్మకం ఉంది. కాకపోతే ఆ అంకె ఒక్క డిస్కు ఆయుష్షు కాదు. వెయ్యి డిస్కుల్ని ఏడాది పొడవునా ఆపకుండా తిప్పితే మొత్తం 87.6 లక్షల గంటలవుతుంది. 10 లక్షల గంటలకు ఒకటి చొప్పున పోతే ఏడాదిలో దాదాపు తొమ్మిది పోతాయి. గుంపులో ఎన్ని పోతాయో చెప్పే లెక్క అది. మీ ఇంట్లోది ఎప్పుడు పోతుందో అది చెప్పదు.

ఆ తొమ్మిదీ కాగితం మీది మాటే. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ వాడుకలో ఉన్న సుమారు లక్ష డిస్కుల రికార్డులు తిరగేశారు. చాలాచోట్ల ఏటా వందకు రెండు నుంచి నాలుగు మార్చాల్సి వచ్చింది, ఒకచోట 13 దాకా వెళ్లింది. మొదట్లో కొన్ని పోయి, ఆపైన కొన్నేళ్లు నిలకడగా ఉంటాయన్న పాత నమ్మకమూ నిలవలేదు. వయసు పెరిగేకొద్దీ పోయేవీ పెరుగుతూనే వచ్చాయి.

మరి వారంటీ ఎలా తేలుతుంది? ఎక్కువగా ఖర్చు, పోటీని బట్టి. 2002లో సీగేట్ సహా పెద్ద కంపెనీలు మామూలు డిస్కుల వారంటీని మూడేళ్ల నుంచి ఏడాదికి కోసేశాయి. 2004లో అదే సీగేట్ అయిదేళ్లు ఇస్తానంది. రెండేళ్లలో డిస్కులు అయిదింతలు గట్టిపడలేదు కదా!

ముందే పసిగట్టలేమా? కొంతవరకు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే ‘రీఅలొకేటెడ్ సెక్టార్స్’ వరుస కనిపిస్తుంది. పాడైన చోటు నుంచి డిస్కు తనే పక్కకు జరిపిన ముక్కల లెక్క అది. అక్కడ సున్నా పోయి అంకె పెరుగుతోందంటే ఆ రోజే కాపీ తీసుకోండి. అయితే 2007లోనే గూగుల్ లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలిస్తే, పోయినవాటిలో 36 శాతానికి పైగా ఇలాంటి లోపమేదీ ముందుగా చూపకుండానే పోయాయి.

వారంటీ కింద ఇంకో డిస్కు ఇస్తారు, అదీ తరచూ బాగుచేసినదే. పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు దాంతో రావు. వాటి రెండో కాపీ వేరే డిస్కులో పెట్టి, అది తెరుచుకుంటోందో లేదో ఒకసారి చూసుకోండి.