ఏడిళ్లు తిరిగిన పిల్లికూనకు ఒక ఇల్లు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలంటారు. చూచి చెప్పిన మాట అది. కుక్క వాసన తగిలినా, చెమ్మ చేరినా, పిల్లవాళ్లు మాటిమాటికీ తొంగిచూచినా తల్లిపిల్లి కూనల్ని ఒక్కొక్కటిగా మెడ కరచుకొని వేరొక చోటికి చేర్చుతుంది. గడ్డివాములోనుండి కొట్టంలోకి, కొట్టంలోనుండి అటకమీదికి. నెల నిండేసరికి పిల్లలు నడక నేర్చి తల్లి వెంట పోతాయి. వాటిలో నడవలేనిది ఒకటుంటే అది వెనుక మిగిలిపోతుంది. అలాటి కూన మన దొడ్లో దొరికితే ఏమి చేయాలి? ఈ నెల మన కుటుంబాలతో ఆ సంగతి మాట్లాడాలని అనుకున్నాము.

చల్లపల్లి చుట్టూ అంతా వరి పొలాలే. ధాన్యం ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోట పిల్లికి విలువ ఉంటుంది. గనుక మన డెల్టా పల్లెల్లో పిల్లికి గిన్నెలో ఇంత పెరుగన్నం పెట్టని ఇల్లు తక్కువ. పిల్లికి బిచ్చం పెట్టనివాడని అనిపించుకోవడం మనకు నామోషీ. కాని ఆ ఆదరణ ఎలుకను పట్టగలిగిన పిల్లికే. నిలబడలేని కూనను సంచిలో వేసి ఊరి బయటనో, కాలువ గట్టుననో వదలిపెట్టి రావడం మనం ఎరిగిన సంగతే. ఆ పనికి దయ అని పేరు పెట్టుకోవడం కూడా కద్దు.

మా సంఘ స్త్రీల సమాజంలో ఒక సోదరి ఇంట్లో గడ్డి తీస్తుండగా ఇలాటి కూన దొరికింది. నెల రోజుల వయసు. తల ఊగుతున్నది, నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు జారుతున్నాయి, రెండడుగులు వేసి పక్కకు పడిపోతున్నది. చూచినవారు తలా ఒక మాట అన్నారు. మూర్ఛ అని ఒకరు, దిష్టి అని ఒకరు. "బతికి ఏం సుఖపడుతుందమ్మా, సంచిలో వేసి పంపించెయ్యండి" అని ఒక పెద్దాయన. ఆయన కఠినుడు కాడు. దాని అవస్థ చూడలేక అన్నాడు. అయితే అది నిజంగా అవస్థ పడుతున్నదా అని మాలో ఎవరికీ తెలియదు. ముందు అది తెలుసుకొందామని మేము నలుగురం అనుకొని, బుట్టలో గుడ్డ పరచి పశువుల డాక్టరుగారి దగ్గరకు తీసికొనిపోయాము.

జబ్బు పేరు తెలిసిన తరువాత

డాక్టరుగారు దాన్ని నేలమీద వదలి, ఎదురుగా ఆహారం పెట్టి చాలాసేపు చూచారు. మూర్ఛలో జంతువుకు తెలివి ఉండదు. ఈ కూన తెలివిగా గిన్నె వైపే వస్తున్నది. గిన్నెకు దగ్గరయ్యేకొద్దీ తల ఎక్కువ ఊగుతున్నది. నిద్రపోగానే ఆ వణుకు ఆగిపోతున్నది. ఇవన్నీ చూచి, దీనికి చిన్న మెదడు సరిగా ఎదగలేదని ఆయన చెప్పారు.

నడకలో తూకం నిలిపేది మెదడు వెనుక భాగంలోని ఆ చిన్న మెదడే. తల్లిపిల్లి చూలుతో ఉన్నప్పుడు పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ సోకితే, కడుపులోని పిల్లల చిన్న మెదడు ఎదగడం ఆగిపోతుంది. పుట్టిన కొద్ది రోజుల్లో సోకినా అంతే. పిల్లలు నడవడం మొదలుపెట్టినప్పుడే ఆ లోపం బయటపడుతుంది. దీన్ని నయంచేసే మందు లేదు. అయితే వినదగిన మాటలు మూడున్నాయి. ఈ లోపం నొప్పి పెట్టదు. వయసుతోపాటు ముదరదు. మిగతా ఆరోగ్యం బాగుంటే, ఇంట్లో కాపాడుకొన్న పిల్లి తక్కిన పిల్లులలాగే నిండు ఆయుష్షు బతుకుతుంది. తూలుతూనే తింటుంది, తూలుతూనే ఆడుకుంటుంది.

ఆ మాటలు విన్న తరువాత సంచి ఊసు ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన కూడా "అయితే సరేలెండి" అన్నాడు. ఒక ప్రాణం విషయంలో తీర్పు చెప్పేముందు దానికి వచ్చిన కష్టమేమిటో తెలుసుకోవాలని మేము చెప్పేది ఇందుకే.

అన్ని లోపాలూ ఇలాటివే అనలేము. కళ్లు ఇంకా తెరవని కూనకు రెప్పల కింద చీము పట్టినట్లయితే వెంటనే వైద్యం చేయించాలి. ఆలస్యమైతే చూపు పోతుంది. చూపు పోయినా, మీసాలతో చెవులతో దారి తెలుసుకొని పిల్లి ఇల్లంతా తిరుగుతుంది. సామాను చోటు మార్చకుంటే చాలు. నీలి కళ్ల తెల్ల పిల్లులలో చాలావాటికి చెవుడు ఉంటుంది. వాటిని రోడ్డు మీదికి పోనీయకూడదు. నడుము విరిగి వెనుక కాళ్లు పడిపోయినదానికి మాత్రం ప్రతిరోజూ మూత్రం మనుషులే వెడలించవలసి రావచ్చు. ఆ బరువు అందరూ మోయలేరు. మాన్పలేని బాధతో రాత్రింబగళ్లు మూలిగే జంతువును నొప్పి తెలియకుండా నిద్రపుచ్చమని డాక్టరు సలహా ఇస్తే, అది కూడా దయలో భాగమే. అయితే ఆ నిర్ణయం పరీక్ష చేసిన డాక్టరుతో కలిసి తీసుకొనవలసినది. కాలువ గట్టున తీసుకొనేది కాదు.

ఇంట్లో చేయవలసినవి

కూన కనబడగానే ఎత్తకండి. దానికి ఆపద లేకపోతే దూరంగా ఉండి కొన్ని గంటలు కనిపెట్టండి. తల్లి ఒక్కొక్క పిల్లనే మోస్తుంది గనుక దీనికోసం తిరిగి రావచ్చు. రాకపోతే, ఒళ్లు చల్లబడితే, చీమలు పడితే అప్పుడు తీయండి.

చల్లబడిన కూనకు ముందు వెచ్చదనం కావాలి, తరువాతే ఆహారం. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఆవు పాలు, గేదె పాలు చంటి కూనకు అరగక విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లికూనలకని తయారుచేసిన పాలపొడి పట్నంలో పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. పట్టేటప్పుడు చంటిబిడ్డలాగా వెల్లకిల పడుకోబెట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి, తల కొంచెం ఎత్తి, కొద్దికొద్దిగా పట్టాలి. మూడు వారాల లోపు కూన తనంతట తాను మూత్రం పోయలేదు. పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా తుడవాలి.

తూలే పిల్లికి అంచులున్న బరువైన గిన్నె పెడితే బోర్లాపడదు. నున్నటి గచ్చు మీద గోనెపట్టా పరిస్తే కాళ్లు జారవు. ఇసుక తొట్టెకు ఒకవైపు అంచు తక్కువగా ఉండాలి. బావికి మూత, మెట్లకు అడ్డు తప్పనిసరి.

మన ఇళ్లలో అందుబాటులో ఉండే కొన్ని వస్తువులు పిల్లికి విషం. జ్వరమని పారాసిటమాల్ ఇవ్వకండి. ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. అది పడుకొనే చోట ఫినాయిలు చల్లకండి. కుక్కల పిడుదులకు వాడే మందులు కొన్ని పిల్లిని చంపుతాయి, డాక్టరును అడగకుండా పూయకండి. ఇక మన జాగ్రత్త. తెలియని పిల్లి కరిచినా రక్కినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి పిచ్చికుక్క కాటుకు వేసే టీకా సంగతి అడగాలి. చిన్న గాయమే కదా అని ఊరుకోవద్దు.

చెప్పి ఇవ్వాలి

కూన కోలుకున్నాక ఇల్లు వెదకడమే పెద్ద పని అయింది. దొరికిన ఇంట్లో కుక్క ఉన్నది. రెండో ఇంట్లో మేడమెట్లు. మూడో ఇంటివారు చూచి, "ఎలుకలు పట్టదు కదండీ, ఎందుకు?" అన్నారు. వారిని తప్పుపట్టలేము. అప్పుడు మా మంచి కోరే ఒకామె ఉపాయం చెప్పింది. "నిద్రపోతున్నప్పుడు చూపించండి. చూడ ముచ్చటగా ఉంటుంది. అలవాటైపోయాక వాళ్లే వదలలేరు."

ఆ ఉపాయం పారేదేమో. అయినా మేము ఒప్పుకోలేదు. లోపాన్ని దాచి అంటగట్టిన కూన మోసపోయామన్న కోపంలో పెరుగుతుంది. ఆ కోపం మన మీదికి రాదు, దాని మీదికే పోతుంది. మళ్లీ ఒక సంచి, మళ్లీ ఒక కాలువ గట్టు. ఏడిళ్లు తిరిగినదాన్ని ఎనిమిదో ఇంటికి కూడా తిప్పినట్లవుతుంది. ఉన్నదున్నట్టు విని ఒప్పుకొన్న ఇల్లు ఒక్కటి దొరికితే అదే దాని ఇల్లు.

కాబట్టి స్త్రీల సమాజం కూడికలో ప్రార్థన ముగిసిన తరువాత బుట్టను మధ్యన పెట్టి, దాన్ని నడిపించి చూపించాము. ఇది ఎప్పటికీ ఇలాగే తూలుతుందని, నయం కాదని, చెట్టెక్కలేదని, బయట తిరిగితే కుక్కల పాలవుతుందని చెప్పాము. చెప్పవలసిన మంచి కూడా చెప్పాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు రిటైరైన ఒక టీచరమ్మగారు, "మా ఇంటికి మెట్లు లేవు, కుక్క లేదు. పగలంతా నేను ఇంట్లోనే ఉంటాను. పది రోజులు చూస్తాను, కుదరకపోతే తిరిగి తీసుకుంటారా?" అని అడిగారు. తీసుకుంటామన్నాము. టీకాలకు, ఆపరేషనుకు అయ్యే ఖర్చు మేము తలా కొంత వేసుకుంటామని కూడా చెప్పాము. పది రోజులు గడిచాయి. ఆమె తిరిగి తేలేదు. కూన గోడను ఆనుకొని నడవడం నేర్చుకున్నది. గోడ ఉన్నంతమేర పడదు.

ఇల్లు వెదికే వారికి మా సలహా ఇంతే: లోపం దాచకండి, కొన్ని రోజుల గడువు ఇవ్వండి, కుదరకపోతే తిరిగి తీసుకుంటామని మాట ఇవ్వండి, ఖర్చులో పాలు పంచుకోండి. ఆ మాట ఉంటే ధైర్యం చేసేవారు మన మధ్యనే ఉన్నారు.

సహాయం ఎక్కడ?

ముందుగా అడగవలసినది దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలను. పశువుల కోసం సంచార వైద్య వాహనాలు మన రాష్ట్రంలో 2022లో మొదలయ్యాయి. వాటి నంబరు 1962. కష్టమైన జబ్బులకు విజయవాడ దగ్గరి గన్నవరంలో 1998లో స్థాపించిన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉన్నది. చల్లపల్లినుండి కూచిపూడి, పామర్రు మీదుగా అది ఒక పూట ప్రయాణం. విశాఖపట్నంలో 1996నుండి వి.ఎస్.పి.సి.ఎ., హైదరాబాదులో 1992నుండి బ్లూ క్రాస్, మద్రాసులో 1959నుండి బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా దిక్కులేని జంతువుల కోసం పనిచేస్తున్నాయి. అయితే ఎంత పెద్ద ఆశ్రయమైనా ప్రతి ఊరి కూననూ చేర్చుకోలేదు. మన ఊరి కూనకు మన ఊళ్లోనే ఇల్లు చూడాలి. 2014నుండి తెల్లవారుజామునే లేచి వీధులు శుభ్రంచేసుకుంటున్న స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలను చూచిన మనకు, నలుగురు కలిస్తే ఏమి చేయవచ్చో వేరే చెప్పనక్కర లేదు.

జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదలివేయడం మన దేశంలో చట్టరీత్యా నేరం. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఆ మాట చెబుతున్నది. అంతకు ఎంతో ముందు, 1824లో, లండనులో ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరి పిలుపు మీద జంతు హింస నివారణ సంఘం ఏర్పడింది. బానిస వ్యాపారాన్ని ఎదిరించిన విలియం విల్బర్‌ఫోర్స్ ఆ తొలి సభ్యులలో ఒకరు. సంఘం అప్పులకోసం బ్రూమ్ పాదిరి చెరసాలకు కూడా వెళ్లాడు. మనుషుల కష్టాన్ని పట్టించుకున్నవారే మూగజీవుల కష్టాన్నీ పట్టించుకున్నారు. ఒక దయ ఇంకొక దయకు అడ్డురాలేదు.

అసలు ఇలాటి కూనలు పుట్టకుండా చూడవచ్చు. చూలుతో లేనప్పుడు తల్లిపిల్లికి టీకా వేయిస్తే ఆ వైరస్ సోకదు. ఆడపిల్లి ఆరు నెలలు నిండకముందే చూలు కట్టవచ్చు. రెండు నెలల పైచిలుకులో ఈనుతుంది, ఏడాదిలో మళ్లీ మళ్లీ ఈనుతుంది. మీ ఇంటి పిల్లికి ఆపరేషను చేయిస్తే, ఎన్నో సంచులు మోసే పని తప్పుతుంది.

ఇంటి పిల్లి మాట మన బైబిలులో ఎక్కడా కనబడదు. కాని నీతిమంతుడు తన ఇంటి పశువు ప్రాణాన్ని ఎలా చూస్తాడో సామెతలు 12:10 చెబుతున్నది. అక్కడ పనికివచ్చే పశువు, పనికిరాని పశువు అనే విభజన లేదు. మన పిల్లలు ఆ వాక్యాన్ని సండే స్కూలులో కంఠస్థం చేస్తారు. దాని అర్థం మాత్రం మన దొడ్లో, మనం చేసేది చూచి నేర్చుకుంటారు.