మారేడుమిల్లి అడవులు – అచటి రైతులు

దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతములు మన రైతులకు క్రొత్తవి కావు. చేరువనున్న గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టునకు మామిడి, బత్తాయి తోలుకొనిపోయి, తూకమునకై కాచుకొనియుండినవారు మనలో ననేకులు. ఆ మార్కెట్టు 2021లో మూతపడి బాటసింగారమునకు తరలినది. ఎల్.బి. నగరు కూడలి మాత్రము తూర్పుదిక్కునకు పోవు బస్సులకు నేటికిని రేవు వంటిది. గడచిన ఫాల్గుణమున మేమును, మా సంఘ సభ్యులు కొందరును రాత్రివేళ అచ్చట బస్సెక్కి, మరునాడు రాజమహేంద్రవరము చేరితిమి. అచ్చటినుండి రంపచోడవరము మీదుగా మారేడుమిల్లి యెనుబది కిలోమీటర్లకు పైబడి యుండును.

రంపచోడవరము దాటినపిమ్మట ఘాటుదారి మొదలగును. వేసవి సమీపించినను అడవి పచ్చదనము వీడలేదు. లోయలో పాములేరు పారుచుండెను. వెదురుపొదలు, చింతలు, జీలుగుచెట్లు దట్టముగా నుండెను. బొంగుకోడి తిని, జలపాతము చూచి మరలిపోవు యాత్రికులు పెక్కుమంది. మేము మాత్రము అచటి సేద్యము చూడగోరితిమి.

ఆ కొండలలోని పాతకాపులు కొండరెడ్లు. వారి మాట తెలుగే. వెదురుతడికల యిండ్లలో నుందురు. వాలులపై చెట్లు నరికి కాల్చి, ఆ బూడిదలో సామ, చోడి, కంది మున్నగునవి విత్తుట వారి పూర్వపు పోడుసేద్యము. జీలుగుకల్లు వారికి పానీయము; కరవుకాలమున ఆ చెట్టు మొవ్వుపిండియే యాహారము. మామిడిపండుగ జరుగనిదే యెవ్వరును క్రొత్త మామిడి తినరాదు. పచ్చికాయ కోసి మందుతో మాగబెట్టు మనము ఈ కట్టుబాటును గూర్చి యాలోచింపదగును.

సంతనాడు ఒక ముసలమ్మ చింతపండు తట్టతో కొండ దిగివచ్చుచుండెను. సంత చేరకముందే వర్తకుడొకడు తట్ట దింపించి, తూకము వేయక చూపుతోనే వెలకట్టెను. ఏల యొప్పుకొంటివమ్మా యని యడిగితిమి. "వానల్లో ఆయన దగ్గరే ఉప్పూ పప్పూ తెచ్చుకున్నాం నాయనా, బాకీ తీరాలి గదా" అని యామె చెప్పెను. మాలో మార్కెట్టు నెరిగిన రైతొకడు తలవంచుకొని, "మన సంగతియు నింతే గదా!" అనెను.

ఈ బాధ నేటిది కాదు. కల్లుపై పన్నును, పల్లపు వర్తకులు బాకీలకై కోర్టుల నాశ్రయించి పశువులను కొనిపోవుటయు 1879 నాటి రంప పితూరీకి ముఖ్యకారణములు. 1922–24లో అల్లూరి సీతారామరాజు ఈ కొండలలోనే పోరాడెను. వడ్డీకిని భూమి బదిలీకిని హద్దులు విధించు చట్టము 1917లో వచ్చెను. 1959 నాటి నిబంధనను 1970లో సవరించి, ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదని శాసించిరి. దానినే 1/70 చట్టమందురు.

చట్టము భూమిని కాచును. తట్టలోని చింతపండును కాచునది సహకారమే. విశాఖపట్టణము కేంద్రముగా 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడి, తేనె, చింతపండు, అడ్డాకులు, కుంకుళ్లు మున్నగువానిని కొని, నిత్యావసర వస్తువులను డిపోలద్వారా అమ్ముచున్నది. పంటఋణములిచ్చుటయు దాని విధులలో నొకటి. అయినను మేము గ్రహించిన నీతి యొక్కటి కలదు: వానమాసములలో ఇంటిఖర్చునకు చేబదు లిచ్చినవాడెవడో, ఎండకాలమున పంట వానిదే. న్యాయమైన త్రాసు పెట్టిన చాలదు. రైతు దానియొద్దకు రాగల స్వేచ్ఛతో నుండవలెను.

మన సభ్యులు ఆ సీమకు పోయినచో, తోటి రైతులయొద్దకు పోవునట్లు పొండు. పెద్దల యనుమతి లేక గూడెములలో ప్రవేశింపకుడు, ఫోటోలు తీయకుడు. తేనెయు చింతపండును సహకార డిపోలో కొనుడు. ఇంటికి మరలినపిదప, మన గ్రామమున నెవ్వరు పంట చేతికి రాకముందే దళారి గడప త్రొక్కుచున్నారో రాబోవు సంఘసభలో విచారింపుడు. ఆ ముసలమ్మ తట్ట మన యూరిలోను కలదు.